మన నీళ్ళతో వాళ్ళ బేరం

గ్యాస్‌కు ఇప్పుడు కొత్త బిరుదు వచ్చింది: స్వచ్ఛ ఇంధనం. బొగ్గు నిన్నటిదట. ఎండ నుంచి, గాలి నుంచి తీసే కరెంటు రేపటిదట. ఈ రెంటి మధ్య ఏరు దాటించే వంతెన గ్యాస్ అట. వంతెన మంచిదే, కానీ దాని స్తంభాలు ఎవరి నేలలో దిగుతాయి? ఈ ప్రశ్న వేయగానే పెద్దలు ఇంకో మాట అందుకుంటారు: ప్రతి అభివృద్ధికీ కొంత నష్టం తప్పదు, లాభనష్టాలు బేరీజు వేసుకోవాలి అని.

బేరం మనకు కొత్త కాదు. వారం వారం సంతకు ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ మోసుకెళ్ళే మన ఆడవాళ్ళకు బేరం ఎవరూ నేర్పక్కర్లేదు. సంతలో బేరానికి ఒక నీతి ఉంది. ధర నచ్చకపోతే గంప ఎత్తుకుని ఇంటికి పోవచ్చు. పోనివ్వకుండా దారికి అడ్డం నిలబడి ‘ధర చెప్పు’ అంటే దాన్ని బేరం అనరు. నేల లోతుల్లో రాయిని పగలగొట్టి గ్యాస్ తీసే ఫ్రాకింగ్ గురించి ప్రపంచమంతా జరుగుతున్న లాభనష్టాల చర్చలో ఈ చిన్న నీతి కనబడదు. లాభం ఎంత, నష్టం ఎంత అని లెక్కలు వేస్తారు. లాభం ఎవరికి, నష్టం ఎవరికి, వద్దనే హక్కు ఎవరికి అని అడగరు. మనం అడగాల్సింది అదే.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకుందాం. మామూలు గ్యాస్ బావిలో గ్యాస్ ఒక చోట చేరి ఉంటుంది, బోరు వేస్తే తన ఒత్తిడికి తానే పైకొస్తుంది. షేల్ అనే పలకల రాయిలో గ్యాస్ అలా ఉండదు. రాతి పొరల సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని రప్పించడానికి మొదట కిలోమీటరున్నరో, మూడు కిలోమీటర్లో నిలువుగా బోరు దింపుతారు. అక్కణ్ణుంచి గొట్టాన్ని పక్కకు వంచి మరో రెండు మూడు కిలోమీటర్లు అడ్డంగా తీసుకెళ్తారు. తర్వాత నీళ్ళు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో లోపలికి కొడతారు. రాయి పగులుతుంది. పగులు మళ్ళీ మూసుకోకుండా ఇసుక అడ్డం నిలుస్తుంది. ఆ పగుళ్ళ గుండా గ్యాస్ వస్తుంది.

ఒక్క బావికి ఎన్ని నీళ్ళు? అమెరికా భూగర్భ సర్వే సంస్థ చెప్పే లెక్క ప్రకారం దాదాపు 57 లక్షల లీటర్ల నుంచి 6 కోట్ల లీటర్ల దాకా. అందులో రసాయనాలు ఒకటి రెండు శాతమే అని కంపెనీలు ధైర్యం చెబుతాయి. రెండు కోట్ల లీటర్లలో ఒక శాతం అంటే రెండు లక్షల లీటర్లు. శాతంలో చెబితే చిటికెడు, లీటర్లలో చెబితే చెరువు. ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని గిన్నెతో ముంచుకునే ఊళ్ళకు ఈ లెక్క అర్థం కావడానికి ఇంజినీరు అవసరం లేదు.

లోపలికి పోయిన నీళ్ళలో కొంత అక్కడే ఉండిపోతుంది, కొంత తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చే నీరు పోయినట్టు రాదు. కోట్ల ఏళ్ళుగా రాతిలో ఉన్న ఉప్పునీటినీ, లోహాలనూ, కొన్నిచోట్ల రేడియం వంటి రేడియోధార్మిక పదార్థాలనూ వెంటబెట్టుకొస్తుంది. సముద్రపు నీటి కంటే ఎన్నో రెట్లు ఉప్పగా ఉండే ఆ నీళ్ళు పొలంలో పడితే అక్కడ ఏళ్ళ తరబడి గడ్డి మొలవదు. అందుకే గ్యాస్ కథలో అసలు పాత్ర గ్యాస్‌ది కాదు, నీళ్ళది.

ఇప్పుడు ఈ నీళ్ళ వెంట నడుద్దాం. మనలాంటి వాళ్ళ ఊళ్ళకే తీసుకెళ్తాయి.

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో తూర్పు షషోనీ, ఉత్తర అరాపహో తెగల విండ్ రివర్ రిజర్వేషన్ ప్రాంతం ఉంది. అక్కడ పెవిలియన్ అనే చిన్న ఊరి పక్కన గ్యాస్ బావులు పడ్డాయి. బావి నీళ్ళు వాసన వస్తున్నాయి, రంగు మారాయి అని జనం మొత్తుకున్నారు. 2010లో ఆ దేశ ప్రభుత్వమే ఆ ఇళ్ళవాళ్ళకు ఈ నీళ్ళు తాగొద్దని చెప్పింది. స్నానం చేసేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు ఫ్యాన్ వేసుకోమని కూడా చెప్పింది. నీళ్ళలో కలిసిన మీథేన్ గదిలో చేరితే పేలొచ్చు కాబట్టి. 2011 డిసెంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థ ముసాయిదా నివేదిక విడుదల చేస్తూ భూగర్భజల కాలుష్యానికి ఫ్రాకింగ్‌తో సంబంధం ఉండే అవకాశం ఉందంది. కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పాయి. 2013లో కేంద్ర సంస్థ ఆ ముసాయిదాను పూర్తి చేయకుండానే దర్యాప్తును రాష్ట్రం చేతిలో పెట్టి తప్పుకుంది. 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్రాకింగ్ ప్రభావం ఉందని తేల్చారు. అదే ఏడాది రాష్ట్ర నివేదిక, ఫ్రాకింగ్ కారణం కాకపోవచ్చంది.

ఎవరు రైటు అన్న వాదన సాగుతూనే ఉంటుంది. మనం గమనించాల్సింది వాదన జరిగిన తీరు. బావులు తవ్వక ముందు ఆ నీళ్ళు ఎలా ఉండేవో ఎవరూ సరిగా పరీక్షించి పెట్టలేదు. కాబట్టి తర్వాత పాడయ్యాయని నిరూపించే భారం తాగేవాడి మీద పడింది. పాడుచేయలేదని నిరూపించే భారం తవ్వినవాడి మీద పడలేదు. పైగా 2005లో అమెరికా చేసిన ఇంధన చట్టం, డీజిల్ వాడిన సందర్భాలు తప్ప, ఫ్రాకింగ్‌ను తాగునీటి రక్షణ చట్టం పరిధి నుంచి తప్పించేసింది. ఈ మినహాయింపును అక్కడి జనం ‘హాలిబర్టన్ కంత’ అంటారు. హాలిబర్టన్ ఫ్రాకింగ్ పనిలో పేరుమోసిన కంపెనీ. ఒకప్పుడు దాని అధిపతిగా పనిచేసిన డిక్ చెనీ ఆ చట్టం వచ్చేనాటికి దేశ ఉపాధ్యక్షుడు. కంచె ఎక్కడ తెరవాలో పశువుల కంటే కాపరికే బాగా తెలుసు మరి.

ఓక్లహోమా సంగతి చూడండి. పానీ తెగవాళ్ళను 1870లలో వాళ్ళ సొంత నేల నెబ్రాస్కా నుంచి అక్కడికి తరలించారు. ఆ రాష్ట్రంలో చమురు, గ్యాస్‌తో పాటు పైకొచ్చే ఉప్పునీటిని ఏం చేయాలో తెలియక లోతు బావుల్లోకి ఎక్కించారు. ఆ ఒత్తిడికి నేల కింద పాత పగుళ్ళు కదిలాయి. అంతకుముందు ఏడాదికి ఒకటో రెండో వచ్చే 3 తీవ్రత దాటిన భూకంపాలు 2015లో సుమారు 900 వచ్చాయి. 2016 సెప్టెంబరు 3న 5.8 తీవ్రతతో వచ్చిన భూకంపం ఆ రాష్ట్ర చరిత్రలోనే పెద్దది. దాని కేంద్రం పానీ పట్టణం దగ్గరే. తెగ ప్రభుత్వ భవనాలు బీటలు వారాయి. 2017లో ఆ తెగ తన సొంత గిరిజన న్యాయస్థానంలో కంపెనీల మీద దావా వేసింది. నిజం చెప్పాలంటే ఈ భూకంపాల్లో ఎక్కువ భాగం రాయిని పగలగొట్టిన క్షణంలో వచ్చినవి కావు, వ్యర్థజలాన్ని నేలలోకి ఎక్కించినందువల్ల వచ్చినవి. ఎక్కించడం తగ్గించమని ఆదేశాలు వచ్చాక అవీ తగ్గాయి. అంటే ఆపగలిగిందే. ఆపాలనిపించేసరికి 900 అయ్యాయి.

ఇక నార్త్ డకోటాలోని ఫోర్ట్ బెర్తోల్డ్ కథ వింటే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. మాండన్, హిదాత్సా, అరికారా తెగల రిజర్వేషన్ అది. మిస్సోరి నది ఒడ్డున సారవంతమైన ఒండ్రు నేలల్లో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకునేవాళ్ళు. ఆ నది మీద గారిసన్ ఆనకట్ట కట్టారు. లక్షా యాభై వేల ఎకరాలకు పైగా రిజర్వేషన్ భూమి మునిగింది. 1948లో ఆ భూమి అప్పగింత కాగితం మీద సంతకాలు జరుగుతుంటే తెగ అధ్యక్షుడు జార్జ్ జిలెట్ చేత్తో ముఖం కప్పుకుని ఏడ్చిన ఫొటో ఇప్పటికీ ఉంది. ఆ ముంపు సరస్సుకు పెట్టిన పేరు సకకావియా. ఆమె షషోనీ ఇంట పుట్టి హిదాత్సాల మధ్య బతికిన ఆదివాసి స్త్రీ. ఊళ్ళు ముంచి ఆ నీళ్ళకు ఆ జనం బిడ్డ పేరే పెట్టారు. ప్రాజెక్టులకూ జిల్లాలకూ మన వీరుల పేర్లు పెట్టి, ఆ జిల్లాల్లోనే మన పట్టాల కోసం ఏళ్ళ తరబడి తిప్పించుకునే ప్రభుత్వాలను చూసినవాళ్ళం, మనకు ఇది వేరే చెప్పాలా?

అరవై ఏళ్ళ తర్వాత ఆ మునగని మెట్ట నేలల కింద చమురు, గ్యాస్ ఉన్నాయని తేలింది. ఫ్రాకింగ్ వచ్చింది. ఈసారి తెగ నాయకత్వం వద్దనలేదు. ‘పీపాల లెక్కన సార్వభౌమత్వం’ అన్నది అప్పటి అధ్యక్షుడు టెక్స్ హాల్ నినాదం. డబ్బు వచ్చింది. మునుపెన్నడూ చూడనంత వచ్చింది. రోడ్లు, భవనాలు వచ్చాయి, అప్పులు తీరాయి. దీన్ని దాచిపెట్టి రాస్తే మనం కూడా కంపెనీ కరపత్రం రాసినట్టే. పేదరికంలో మగ్గినవాడు వచ్చిన డబ్బు తీసుకుంటే తప్పు పట్టే అర్హత ఎవరికీ లేదు.

అయితే ఆ డబ్బుతో పాటు వచ్చినవీ చూడాలి. చమురుకు ధర ఎక్కువ, గ్యాస్‌కు తక్కువ, పైపులైన్లు వేసే దాకా ఆగే ఓపిక కంపెనీలకు లేదు. అందుకని గ్యాస్‌ను బావి దగ్గరే గాలిలోకి మండించేశారు. 2013-14 ప్రాంతంలో నార్త్ డకోటాలో తీసిన గ్యాస్‌లో దాదాపు మూడోవంతు ఇలా మంటపాలైంది. రాత్రుళ్ళు ఆ మంటలు అంతరిక్షం నుంచి కూడా కనిపించాయి. దేశానికి గ్యాస్ కావాలి, మీరు త్యాగం చేయాలి అని చెప్పే నోళ్ళు ఈ మంటల దగ్గర మాట్లాడలేదు. 2014 జులైలో మండారీ అనే ఊరి దగ్గర ఉప్పునీటి గొట్టం పగిలి సుమారు 38 లక్షల లీటర్లు లోయలోకి పారింది. దిగువన ఉన్నది ఆ జనం తాగే సరస్సు. మధ్యలో బీవర్లనే జంతువులు కట్టుకున్న మట్టికట్టలు అడ్డుపడ్డాయని అధికారులే చెప్పారు. కోట్ల డాలర్ల పరిశ్రమకు కాపలా జంతువులు కట్టిన కట్ట.

న్యూమెక్సికోలో ఇంకో చిక్కు ఉంది. చాకో లోయ అక్కడి ప్యూబ్లో, నవాజో తెగలకు పవిత్ర స్థలం. దాని చుట్టూ పది మైళ్ళ దాకా ప్రభుత్వ భూముల్లో కొత్త లీజులు వద్దని 2023లో అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. ప్యూబ్లోలు సంతోషించారు. ఆ చుట్టుపక్కల సొంత చెక్కలున్న నవాజో కుటుంబాలు మాత్రం మా రాయల్టీ పోతుందని రోడ్డెక్కాయి. ఆదివాసులంతా ఒకే గొంతుతో మాట్లాడతారనుకోవడం బయటివాళ్ళ భ్రమ. మనలోనూ లారీ కొనుక్కునేవాడు ఉంటాడు, ఉద్యోగం ఆశించేవాడు ఉంటాడు. కాబట్టే నిర్ణయం ఒకరిద్దరు నాయకుల సంతకంతో కాకుండా ఊరంతా కూర్చున్న చోట జరగాలి. గొడవ పడినా సరే, అక్కడే పడాలి.

ఇప్పుడు అవతలివాళ్ళ బలమైన వాదనలు తీసుకుందాం. మొదటిది: బొగ్గు కంటే గ్యాస్ మేలు. విద్యుత్ కేంద్రంలో మండించినప్పుడు బొగ్గుతో పోలిస్తే గ్యాస్ నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు సుమారు సగమే. బూడిద లేదు, మసి తక్కువ. అమెరికాలో బొగ్గు కేంద్రాలు మూతపడి గ్యాస్ కేంద్రాలు రావడంతో విద్యుత్ రంగ కాలుష్యం తగ్గింది. ఇదంతా నిజం. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు బయటపడిన నాటి నుంచి నేటి ఓపెన్‌కాస్టుల దాకా బొగ్గు ధూళి ఏమిటో గోదావరి లోయ కోయ గూడేలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బొగ్గును వెనకేసుకొచ్చే అవసరం మనకు లేదు.

కానీ ఆ సగం లెక్క పొయ్యి దగ్గరిది. బావి దగ్గరి నుంచి పొయ్యి దాకా దారిలో కారిపోయే గ్యాస్ దాంట్లో లేదు. గ్యాస్ అంటే ముఖ్యంగా మీథేన్. మండకుండా గాలిలో కలిస్తే ఇరవై ఏళ్ళ కాలంలో బొగ్గుపులుసు వాయువు కంటే ఎనభై రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. తీసిన దాంట్లో మూడు శాతం దాటి కారిపోతే బొగ్గు మీద గ్యాస్‌కున్న మేలు దగ్గరి కాలంలో హరించుకుపోతుందని శాస్త్రజ్ఞుల అంచనా. 2018లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం అమెరికాలో ఈ లీకేజీ 2.3 శాతం అనీ, ప్రభుత్వ లెక్క కంటే 60 శాతం ఎక్కువ అనీ తేల్చింది. అంటే వంతెన ఉంది, కానీ ఒక్క అడుగు పక్కకు పడితే ఏట్లోనే. వాన వేళకు రాకపోతే పోడు చేనులో జొన్న కంకి పట్టని మనకు ఈ ఒక శాతం తేడా కాగితం మీద అంకె మాత్రమే కాదు.

రెండో వాదన మనసుకు తగిలేది: మీ ఆడవాళ్ళు కట్టెల పొగలో ఊపిరితిత్తులు పాడుచేసుకుంటున్నారు, గ్యాస్ వద్దంటారా? వద్దనం. పొయ్యి పొగ మన తల్లుల్ని చంపుతున్న మాట నిజం. అయితే మన గుడిసెకు వచ్చే ఎర్ర సిలిండర్‌లో ఉన్నది ఎల్పీజీ, అంటే ప్రొపేన్, బ్యూటేన్. షేల్ బావుల నుంచి ముఖ్యంగా తీసేది మీథేన్. అది గొట్టాల్లో ఎరువుల కర్మాగారాలకు, విద్యుత్ కేంద్రాలకు, నగరాల వంటిళ్ళకు, బళ్ళకు పోతుంది. గుట్ట మీది గూడేనికి గొట్టం రాదు. సిలిండర్ నింపించుకునే డబ్బు లేక ఖాళీది మూలన పడేసిన ఇళ్ళకు కావాల్సింది ధర తగ్గడం. మన తల్లి దగ్గును చూపించి మన వాగును అడగడం న్యాయం కాదు.

మూడో వాదన: దేశానికి అవసరం. మన దేశం వాడే గ్యాస్‌లో సుమారు సగం దిగుమతే. యూరియాకు గ్యాస్ కావాలి, ఆ యూరియా మన చేలకూ కావాలి. ఇంధనంలో ఆరు శాతం చుట్టూ ఉన్న గ్యాస్ వాటాను 2030కి 15 శాతం చేస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఈ అవసరాన్ని మనం కాదనం. దేశమంటే ఎవరు అని మాత్రం అడుగుతాం. కోనసీమలో మామూలు పద్ధతిలోనే గ్యాస్ తీశారు. 1995లో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మాడిపోయారు. ఫ్రాకింగ్ లేకుండానే, కలెక్టరు గంటలో చేరగలిగే చోటే, పత్రికలు టీవీలు చూస్తుండగానే ఇలా ఉంటే, సిగ్నల్ అందని గుట్టల్లో ఏం జరుగుతుందో ఎవరు చూస్తారు?

‘మన అడవుల్లో షేల్ గ్యాస్ ఎక్కడిది, ఇదంతా ఎందుకు?’ అనేవాళ్ళూ ఉంటారు. భూగర్భ శాస్త్రంలో గోండ్వానా అనే మాట ఉంది. గోండుల నేల పేరే అది. దామోదర్, సోన్, ప్రాణహిత, గోదావరి లోయల్లోని బొగ్గు, షేల్ పొరలను ఆ పేరుతోనే పిలుస్తారు. దేశంలో షేల్ గ్యాస్ ఉండొచ్చని గుర్తించిన చోట్లలో కృష్ణా గోదావరి, కావేరి, కంబే బేసిన్లతో పాటు గోండ్వానా బేసిన్లు కూడా ఉన్నాయి. బొగ్గు పొరల్లోని మీథేన్‌ను ఝరియా, బొకారో, రాణీగంజ్, సోహాగ్‌పూర్‌లలో ఇప్పటికే తవ్వుతున్నారు. దానికి ముందు పొరల్లోని నీటిని నెలల తరబడి తోడేయాలి, చాలాచోట్ల ఫ్రాకింగ్ కూడా చేయాలి. ఆ మీథేన్ బ్లాకుల వేలాల్లో కొత్తగూడెం, గోదావరి లోయ పేర్లు ఇంతకుముందే ఒకసారి ఎక్కి దిగాయి. మళ్ళీ ఎక్కవని ఎవరు రాసిస్తారు?

దారులు మాత్రం చదును అవుతున్నాయి. 2013లో షేల్ అన్వేషణకు ముందుగా ప్రభుత్వరంగ సంస్థలకు అనుమతిచ్చారు. 2018 విధానంతో ఇప్పటికే లీజులున్న కంపెనీలు అదే ప్రాంతంలో షేల్ గ్యాస్, బొగ్గుపొర మీథేన్ కూడా వెతుక్కోవచ్చన్నారు. 2020 జనవరిలో చమురు, గ్యాస్ అన్వేషణను పర్యావరణ అనుమతుల్లో కింది తరగతికి దించారు. దాంతో అన్వేషణ బావికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా పోయింది. 2025లో 1948 నాటి చమురుక్షేత్రాల చట్టాన్ని సవరించి షేల్ గ్యాస్, బొగ్గుపొర మీథేన్ వంటివన్నీ అందులోకి తెచ్చారు. ఆరు నెలల జైలు శిక్ష స్థానంలో 25 లక్షల జరిమానా పెట్టారు. ఎండు కట్టెలు తెచ్చుకున్నందుకు మనవాడిని స్టేషన్‌లో కూర్చోబెట్టే దేశంలో, నేల లోతును పగలగొట్టి నియమం తప్పినవాడికి చెక్కు రాస్తే సరిపోతుంది.

మనకు రక్షణ చట్టాలు లేవా? ఉన్నాయి. 1959 భూబదలాయింపు నిబంధన, దానికి 1970 సవరణ ఉన్నాయి. 1997లో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరుడి కిందే లెక్క, ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. గొప్ప తీర్పు. కానీ ప్రభుత్వరంగ సంస్థలకు తలుపు తెరిచే ఉంది. షేల్‌కు మొదటి అనుమతి ఎవరికిచ్చారో పైన చెప్పుకున్నాం. 1996 పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలంది. 2013 భూసేకరణ చట్టం ఇంకో మెట్టు ఎక్కి షెడ్యూల్డు ప్రాంతాల్లో ముందస్తు సమ్మతి కావాలంది. అడవి భూమి మళ్ళింపుకు గ్రామసభ సమ్మతి ఉండాలని 2009లో కేంద్ర అటవీ శాఖ ఆదేశమిచ్చింది. 2022 నిబంధనలు దాన్ని నీరుగార్చి, కేంద్రం అనుమతి ఇచ్చేశాక రాష్ట్రం చూసుకునే పనిగా మార్చాయి.

ఇవన్నీ భూమి పైభాగం గురించే మాట్లాడతాయని గమనించండి. ఫ్రాకింగ్ బావికి పైన కావాల్సింది కొన్ని ఎకరాలే. గొట్టం మాత్రం కింద కిలోమీటర్ల దూరం పోతుంది. ఒక ఊరి పొలిమేర అవతల, పట్టా భూమిలో, సెంటు అడవి ముట్టకుండా బావి వేసి, మూడు ఊళ్ళ కింద రాయిని పగలగొట్టొచ్చు. అప్పుడు ఏ గ్రామసభను అడుగుతారు? బావి ఉన్న ఊరినా, పగులు ఉన్న ఊరినా, ఉప్పునీళ్ళు పారే దిగువ ఊరినా? మన చట్టాలన్నీ నేలను చాపలా చూశాయి. ఇప్పుడొచ్చే యంత్రం దాన్ని బావిలా చూస్తోంది. ఈ తేడా మనం ఇప్పుడే పట్టుకోకపోతే రేపు ‘మీ భూమి మేం ముట్టలేదు కదా’ అనే జవాబు వినాల్సి వస్తుంది. అది అబద్ధం కూడా కాదు, అందుకే ప్రమాదం.

సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని బీటలూ బేసిన్‌లో మూలవాసులకు ఈ తేడా తెలిసొచ్చింది. అక్కడ 2016లో ఫ్రాకింగ్ ఆపారు, విచారణ వేశారు. 2018లో ఆ విచారణ 135 సిఫారసులు చేసింది. అదే ఏడాది నిషేధం ఎత్తేశారు. అక్కడి 1993 స్థానిక హక్కుల చట్టం మూలవాసులకు చర్చలు జరిపే హక్కు ఇచ్చింది, కాదనే హక్కు ఇవ్వలేదు. ఒప్పందం కుదరకపోతే ట్రిబ్యునల్ తేలుస్తుంది. గంప ఎత్తుకుని ఇంటికి పోయే దారి లేదు.

కాదనగలిగినవాళ్ళు మాత్రం కాదన్నారు. ఫ్రాన్స్ 2011లోనే ఫ్రాకింగ్‌ను నిషేధించింది. న్యూయార్క్ రాష్ట్రం 2014లో వద్దంది. ఇంగ్లండు 2019లో భూమి కంపించాక ఆపేసింది. మన పొరుగున కావేరి డెల్టా రైతులు నెడువాసల్ లాంటి ఊళ్ళలో నెలల తరబడి కూర్చుని పోరాడితే, తమిళనాడు ప్రభుత్వం 2020లో ఆ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసి కొత్త చమురు, గ్యాస్ తవ్వకాలను అడ్డుకుంది. వాళ్ళకు జేజేలు. ఫ్రాకింగ్ అంత సురక్షితమైతే ధనవంతుల ఊళ్ళు ఎందుకు వద్దన్నాయి? వాళ్ళు వద్దన్న ప్రమాదం ఎక్కడికి పోతుంది? గొంతు తక్కువగా వినిపించే చోటికి పోతుంది. వరి పండే డెల్టాకు చట్టం వచ్చినప్పుడు, ఆ డెల్టాలకు నీళ్ళు పంపే కొండలకు ఎందుకు రాకూడదు?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. గ్రామసభ సమ్మతి నేల పైభాగానికే కాదు, కింద గొట్టం పోయినంత మేర ప్రతి ఊరికీ, దిగువన అదే వాగు తాగే ఊళ్ళకూ వర్తించాలి. అన్వేషణ బావి అయినా సరే, బహిరంగ విచారణ లేకుండా బోరు దిగకూడదు. మొదటి బోరుకు ముందే ప్రతి ఊట, చెలమ, బోరు నీళ్ళను ఊరి ఎదుట పరీక్షించి, ఆ కాగితం ఒక ప్రతి ఊరి దగ్గర ఉంచాలి. వాడే ప్రతి రసాయనం పేరు తెలుగులోనూ, ఊరు మాట్లాడే భాషలోనూ చెప్పాలి. వ్యాపార రహస్యం అనే మాట తాగేనీళ్ళ దగ్గర చెల్లదు. నీళ్ళు పాడైతే పాడుచేయలేదని నిరూపించుకునే భారం తవ్వినవాడిది కావాలి. అన్నిటికంటే ముఖ్యం, వద్దంటే వద్దే. వద్దన్న ఊరికి ఏడాది తిరిగేసరికి అదే ఫైలు కొత్త పేరుతో రాకూడదు.

ఇది అత్యాశ కాదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి విషయం గ్రామసభలకే వదిలింది. ఆ ఏడాది పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ బాక్సైట్ వద్దన్నాయి. డోంగ్రియా కోందుల కొండ ఇంకా నిలబడి ఉంది. దేశం కూలిపోలేదు, అల్యూమినియం ఆగిపోలేదు. కాదనే హక్కు నిజంగా చేతిలో ఉన్నప్పుడే అవుననడానికీ విలువ వస్తుందని ఆ పన్నెండు ఊళ్ళు చూపించాయి.

చదువుకున్న మన పిల్లలకు ఒక పని ఉంది. బ్లాకుల వేలం పటాలు వచ్చినప్పుడు వాటిలో మన మండలం ఉందేమో చూడండి. ఉంటే పాట పూర్తయ్యే దాకా ఆగకండి. పటాన్ని పెద్దది చేసి గ్రామసభలో గోడకు అంటించండి, ఇది ఏ వాగు, ఇది ఏ గుట్ట అని పెద్దలను అడిగి పేర్లు రాయించండి. కంపెనీ పటంలో బ్లాకు సంఖ్య తప్ప పేరు ఉండదు. పేరున్న వాగును సంఖ్య కింద అమ్మడం కష్టం. బేరానికి వచ్చేవాడు ముందు ఆ పేర్లు చదవాలి, తర్వాత ధర అడగాలి, మనం వద్దంటే వచ్చిన దారినే తిరిగి వెళ్ళాలి.